తల చెన్నయ్యది, ఒళ్లు ఎవరిదో

ఈ మధ్య మా షెడ్డుకు కుర్రవాళ్లు వచ్చి విగ్రహాల పని నేర్పమంటున్నారు. ఈ పనే ఎందుకని అడిగితే, ఇంకేం దొరకలేదంటారు. నిజాయితీ గల జవాబు. నేనూ అందుకే వచ్చాను. ఇడుపులపాయలో ఇంజనీరింగు చదువుతున్న ఒకతను మాత్రం వేరే సంగతి చెప్పాడు. కంప్యూటర్‌కు ఫోటో ఇస్తే తల దానంతట అదే తయారవుతుందట, ఇక మట్టి పిసకనక్కర్లేదట. సంతోషం. మట్టి పిసికి పిసికి నా వేళ్లు ఇప్పుడు దోసె తుంచడానికి కూడా మొరాయిస్తున్నాయి. ఆ మిషన్ నేను వయసులో ఉండగా వచ్చి ఉంటే అందరికన్నా ముందు నేనే కొనేవాణ్ని.

అయితే తల చేయడం ఈ పనిలో సగమే. మిగతా సగం ఎవరూ చెప్పరు. నాకిప్పుడు తీరిక ఉంది కాబట్టి చెబుతున్నాను. టెండర్లు, బిల్లులు, సన్మానాల గురించి రాయను. సన్మానాల్లో కప్పిన శాలువాలు చలికాలంలో పనికొచ్చాయి, అంతవరకు రాయవచ్చు.

అరవ మేస్త్రి

మాది కుంభకోణం దగ్గర పల్లె. గోపురాల మీద బొమ్మలు చేసే కుటుంబం. ప్రొద్దుటూరులో ఒక గుడి గోపురం పనికి మా స్థపతి, అంటే మా గుంపుకు పెద్ద, పదిమందిని తీసుకొచ్చాడు. అందులో నేనొకణ్ని. పని అయింది, అందరూ వెళ్లారు, నేను ఉండిపోయాను. పెద్ద కారణమేమీ లేదు. మా ఊళ్లో గోపురాలకన్నా మేమే ఎక్కువ.

తెలుగు మాట్లాడటం టీ అంగట్లో నేర్చుకున్నాను, రాయడం పేపరు చూసి నేర్చుకున్నాను. అందుకే నా మాట ఒకటి, రాత ఒకటి. ఇక్కడే పెళ్లయింది, ఇక్కడే పిల్లలు పుట్టారు, రేషన్ కార్డు ఇక్కడిదే. అయినా ఈ ఊరికి నేను ఇప్పటికీ అరవ మేస్త్రినే. కుంభకోణం పోతే అక్కడ తెలుగాయన అంటారు. రెండు చోట్లా మర్యాదగానే అంటారు, నాకు బాధ లేదు.

గోపురం దిగాక మొదట దొరికిన పని, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఒక శెట్టిగారి తండ్రి విగ్రహం. ఛాతీ వరకు చాలు, అంగట్లో గల్లాపెట్టె వెనకాల పెట్టుకుంటామన్నారు. ఫోటో ఇచ్చారు. అప్పటిదాకా నేను దేవుళ్లను తప్ప ఎవరినీ చేసినవాణ్ని కాదు. ముఖం ఇంత, అందులో నుదురు ఇంత, ముక్కు ఇంత అని మాకు చిన్నప్పటినుంచి కొలతలు బట్టీ పట్టించి ఉన్నారు. పెద్దాయనకు ఒక కన్ను కొంచెం చిన్నది, కింది పెదవి వేలాడేది. రెండింటినీ కొలత ప్రకారం సరిచేశాను. ఉపకారం చేశాననే అనుకున్నాను.

గుడ్డ తీయగానే శెట్టిగారి తల్లి రెండు చేతులూ జోడించింది. "ఎవురు నాయనా ఈ సామి?" అని కొడుకును అడిగింది.

శెట్టి మంచి మనిషి. చాలాసేపు చూసి, "మేస్త్రీ, శానా బాగుండాది. మా నాయన కాదు గానీ శానా బాగుండాది. దీన్ని పూజగదిలో పెట్టుకుంటా. ఇప్పుడు మా నాయన్ను చెయ్యి" అన్నాడు.

ఆ వారం స్థపతి ఏదో పనిమీద ప్రొద్దుటూరు వస్తే గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన తమలపాకు నములుతూ విని, "దేవుడికి కొలతలుంటాయి, మనిషికి వంకరలుంటాయి. వంకర నుంచి మొదలుపెట్టు" అన్నాడు. అంతే, వక్క ఉమ్మేసి వెళ్లిపోయాడు. నాకు ఆయన నేర్పినవాటిలో ఎక్కువకాలం అన్నం పెట్టింది ఆ మాటే. రెండోసారి చిన్న కన్ను చిన్నదిగానే చేశాను, పెదవిని వేలాడనిచ్చాను. పెద్దామె దాన్ని చూసి చేతులు జోడించలేదు. మొహం చిట్లించుకుని, "కూరలో ఉప్పు తక్కువైతే ఇట్లనే చూసేటోడు" అంది. నా మొదటి సర్టిఫికెట్ అదే.

రెండు అచ్చులు

ఆ తర్వాత చాలా ఏళ్లు జమ్మలమడుగులో ఒకాయన షెడ్డులో పనిచేశాను. ఆయన పేరు రాయను, పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చిపోతుంటారు. ఓనరు అందాం. ఎప్పుడూ చెనక్కాయలు వలుస్తూ మాట్లాడేవాడు. పొట్టు నా మట్టిలో పడేది.

నిలువెత్తు విగ్రహాలకు గిరాకీ వచ్చిన కాలం అది. పోయిన ప్రతి నాయకుడికీ ఒక కూడలి, కూడలి లేకుంటే ఒక మలుపు కావాలి. ఒక్కొక్కరికి ఒళ్లు, తల విడిగా చేస్తూ కూర్చుంటే వర్ధంతికి అందదు. అప్పుడు ఓనరు ఒక ఉపాయం చేశాడు. "జనాలు తల చూస్తారప్పా. మెడ కింద ఎవురు చూస్తారు?" అన్నాడు. రెండు అచ్చులు తీయించాడు. ఒకటి చెయ్యెత్తిన ఒళ్లు, ఒకటి చెయ్యి దించిన ఒళ్లు. అచ్చులో సిమెంటు పోసి ఒళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి, ఆర్డరు వచ్చినప్పుడు తల మాత్రం కొత్తగా చేసి పెట్టాలి.

రెండు అచ్చులకూ నిలబడింది జమ్మలమడుగులో ఒక ఆటో డ్రైవరు. విశాలమైన ఛాతీ, నిటారైన వీపు, బేరాలు లేని వేళల్లో కదలకుండా నిలబడే ఓపిక. షెడ్డులో ఉన్న తెల్ల ఖద్దరు చొక్కా తొడిగి, జేబులో పెన్ను పెట్టి అచ్చు తీశాం. ఆయన ఒళ్లు ఇప్పుడు జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా రోడ్ల పక్కన నిలబడి ఉంది. బేరానికి ఎటు పోయినా ఆటో నిదానం చేసి చూసుకునేవాడు. "ఎవురూ వాళ్ల వీపు వాళ్లు చూసుకోలేరు మేస్త్రీ, నాకు ఆ యోగం పట్టింది" అనేవాడు.

ఒక ఊళ్లో బతికున్నంత కాలం ఒకే పందిట్లో ఎన్నడూ కలిసి కూర్చోని ఇద్దరు నాయకులు, పోయాక ఒకే రోడ్డుకు రెండు చివరల ఒకే ఒంటితో నిలబడ్డారు. ఒకరోజు రెండు వైపుల మనుషులూ షెడ్డుకు వచ్చి, నన్ను ఆ రోడ్డుకు తీసుకుపోయి, ఎవరి విగ్రహం ఛాతీ వెడల్పో టేపుతో కొలిపించారు. సమానంగా వచ్చింది. రెండు వైపుల వాళ్లూ నన్నే అనుమానంగా చూసి వెళ్లిపోయారు.

ఆ అచ్చులు మోసమని కొందరు పంతుళ్లు నాకు ఉపన్యాసం ఇచ్చారు. నేనలా అనుకోను. వాటివల్ల షెడ్డులో అందరి ఇళ్లల్లో పొయ్యి వెలిగింది, విగ్రహాలు వేళకు అందాయి. ఓనరు మాట ముప్పాతిక వంతు నిజం. ఆ మిగిలిన పాతిక సంగతి నాకు చాపాడు అవతల తెలిసింది.

అంతకుముందు ఒక చిన్న సలహా. ఫోటో ఒక్కటే చూసి తల చేయకండి, ఇంట్లోవాళ్లను పిలిచి పచ్చి మట్టి మీదే చూపించండి. కొడుకులు చెప్పేది మర్యాదగా వినండి. వాళ్లు నాన్నను తమకన్నా పొడుగు చేయమంటారు, మీసం తిప్పమంటారు. కోడళ్లు చెప్పేది మాత్రం బుర్రలో పెట్టుకోండి. మామను కోడలు చూసినంత క్షుణ్ణంగా ఈ లోకంలో ఇంకెవరూ చూడరు. ఎక్కడ పుట్టుమచ్చ, ఎటువైపు దవడ నమిలేవాడు, కోపమొస్తే ఏ చెవి ఎర్రబడేది, అన్నీ చెబుతారు.

చెన్నయ్య

చాపాడు దాటాక ఒక పల్లె. చెన్నయ్య అక్కడ పుట్టినప్పటినుంచి గొర్రెలు కాచినవాడు. ముసలితనానికి కొంచెం నేల కొని సేద్యం కూడా చేశాడు. జ్వరమొచ్చి పోయాడు. పెద్దకొడుకు సుబ్బయ్య గొర్రెల బేరం చేసి కుదురుకున్నాడు. తండ్రిని పూడ్చిన చోట, చేను గట్టున, సంవత్సరీకం నాటికి నిలువెత్తు విగ్రహం ఉండాలని నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి నేను ప్రొద్దుటూరులో సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. ఓనరు ఆ అచ్చులను నాకే ఇచ్చి పోయాడు.

"ఏ ఒళ్లు కావాల?" అని అడిగాను.

"చెయ్యెత్తింది."

"మీ నాయన ఎవురికన్నా చెయ్యెత్తినాడా?"

"గొర్రెల మీదికి ఎత్తినాడు. ఇప్పుడు జనాల మీదికి ఎత్తుతాడు, ఏం పోయె?"

"జేబులో పెన్నుండాది. తీసేద్దామా? ఆయన రాసేటోడా?"

"వేలిముద్ర. అయినా ఉండనీ. పెన్ను లేకుంటే జేబు బోసిగా ఉంటాది."

నవ్వకండి. సుబ్బయ్యకు తండ్రంటే ప్రాణం. బతికున్నప్పుడు ఎవరూ కుర్చీ వేయని మనిషిని, పోయాకైనా తెల్లచొక్కాతో నిలబెట్టాలన్నది అతని ఆశ. మట్టి తల చూడటానికి భార్య లక్ష్మీదేవితో వచ్చాడు. కుడి చెవి తమ్మె కొంచెం చీలి ఉండేదని ఆమె చెబితే చీల్చాను. సుబ్బయ్య ఆ చెవిని వేలితో తాకి, "ఈ చెవే" అన్నాడు. ఆ తర్వాత బయటికి పోయి, నా మోటారుసైకిలు సీటు తుడుస్తూ నిలబడ్డాడు. ఆ తల నేను చేసినవాటిలో మంచి తలల్లో ఒకటి. ఇప్పటికీ అదే మాట అంటాను.

సంవత్సరీకం రోజు ఒక నాయకుడు వచ్చి గుడ్డ లాగాడు. చెన్నయ్య రైతులకు చేసిన సేవ గురించి మాట్లాడాడు. మధ్యలో పేరు తప్పు పలికి, ఎవరో చెవిలో చెబితే సరిచేసుకున్నాడు. మరుసటి రోజు పేపర్లో ఫోటో వచ్చింది. సుబ్బయ్య దాన్ని లామినేషన్ చేయించాడు.

తుమ్మచెట్టు నీడ

వానలు పడ్డాక పాదాల దగ్గర సన్నని పగులు కనబడిందని సుబ్బయ్య ఫోన్ చేశాడు. పోయాను. చేను గట్టు మీద విగ్రహం, దాని ముందునుంచి దారి, దారి పక్కన గొర్రెల దొడ్డి, దొడ్డికి ఆనుకుని ఒక చిన్న కొట్టం. నేను విగ్రహం వెనకాల కూర్చుని పగులు గీకుతున్నాను. మధ్యాహ్నం వేళ. చెన్నయ్య భార్య ఓబుళమ్మ జీవాలను తోలుకుని వస్తోంది. గొర్రెలనూ మేకలనూ కలిపి ఈ వైపు జీవాలంటారు. కొంగు నడుముకు దోపుకుని, కట్టె పట్టుకుని, ఒక మేకను తిడుతూ వస్తోంది. నేను ఆమెకు కనబడను.

విగ్రహం దగ్గరికి రాగానే తిట్టడం ఆపేసింది. నడుములో దోపిన కొంగు తీసి రెండు భుజాల నిండా కప్పుకుంది. తల వంచి, దారి నడుమ వదిలేసి, ముళ్లకంచె పక్కన ఒదిగి ఒదిగి దాటింది. దాటిన తర్వాత కొంగు మళ్లీ నడుములో దోపుకుంది. కొట్టంలోకి పోలేదు. సద్దిమూట తీసుకుని దూరంగా కాలవ గట్టున తుమ్మచెట్టు కిందికి పోయింది. తుమ్మచెట్టుకు నీడ ఎంత ఉంటుందో మీకు తెలుసు.

నా పనిని చాలామంది తిట్టారు. ముక్కు బాగలేదన్నారు, నామం వంకరన్నారు, ఒకాయన కోర్టుకు లాగుతానన్నాడు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఇంత పెద్ద మాట నన్నెవరూ అనలేదు. తాపీ అక్కడే పడేసి ఆమె దగ్గరికి పోయాను. నన్ను చూడగానే కొంగు మళ్లీ భుజాల మీదికి వచ్చింది. సరిగ్గా అలాగే.

"అక్కా, పోయింది మీ ఆయన ముందర నుంచి గదా. కొంగెందుకు కప్పుకున్నావు?"

"నీకు అగపడిందా?"

"అగపడింది."

ఆమె సద్దిగిన్నె పక్కన పెట్టింది. "ఏం జేసేదప్పా. దావలో ఎవురో మొగాయన నిలబడినాడు. కప్పుకోకుండా ఎట్ల పోవాల?"

"మొగం సరిగా రాలేదా?"

"మొగం ఆయనదే. ఆయన మొగం పెట్టుకోని ఎవురో వచ్చినట్టుండాది."

ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదేమో, ఆపకుండా చెప్పుకుపోయింది. "ఎట్ల నిలబడినాడో చూడు. కట్టె మింగినట్టు నిలబడినాడు. ఆయన యాడ నిటారుగా నిలబడినాడప్పా ఎప్పుడన్నా? ఆ కొట్టం కాడనే ఇద్దరమూ కూచోని సద్ది తాగేటోళ్లం. ఇప్పుడు ఆడ కూచుంటే ఎవురో ముద్ద ముద్దకూ చూస్తాండినట్టుంటాది. దిగదు. ఇంగ ఈడ ఉండేది కాదులే అనుకున్నా. అమాస పోయినాక జీవాలు పెద్దోనికి ఒప్పజెప్పి ఖాజీపేటకు పోతా, కూతురు కాడికి."

"ఎందుకు పోతాండావో సుబ్బయ్యకు చెప్పినావా?"

"ఎట్ల చెప్పేది? పిల్లోడు సంబరంగా చేయించినాడు. మా నాయన మా నాయన అని వచ్చిన ప్రతోన్నీ పిల్చుకొచ్చి చూపిస్తాండాడు. నువ్వు గిన చెప్పినావంటే చూడు."

నేరుగా సుబ్బయ్య ఇంటికి పోయి చెప్పాను. ఆమె మాట కాదనడం నాకు ఇష్టం లేదు, కానీ ఒక మనిషి తన చేను, తన మంద, తాను భోజనం చేసే చోటు వదిలి పోతోందంటే, అది నా అచ్చువల్ల. సుబ్బయ్య మొహం మాడిపోయింది. లక్ష్మీదేవి మాత్రం చేతిలో చాట కింద పెట్టి లేచింది.

"వింటివా? కోడలి పోరు పడలేక ముసలామె పోతాందని ఊరంతా నన్ను ఆడిపోసుకుంటాండారు. పోరు నాది కాదంట, ఆ బొమ్మదంట. మేస్త్రీ, ఆ చెయ్యి విరగ్గొట్టి ఇంకోటి పెట్టు. ఎవురేమన్నా నేను చూసుకుంటా."

"నువ్వేం చూసుకుంటావే," అన్నాడు సుబ్బయ్య. "నాయకుడు తెరిచిన విగ్రహం. చెయ్యి విరిగిందంటే ఎవురు విరగ్గొట్టినారని తెల్లారేసరికి రెండు పార్టీలోళ్లూ కట్టెలు తీసుకోని వస్తారు."

అతను చెప్పింది అబద్ధం కాదు. మా జిల్లాలో విరిగిన చెయ్యి అతకడానికి మూరెడు ఇనుప కంబీ, బొచ్చెడు సిమెంటు చాలు. విరిగిందన్న మాట అతకడానికి పోలీసులు కూడా చాలరు. పగులు పూడ్చి ఇంటికొచ్చాను. వారం పాటు తిండి సయించలేదు.

గుడ్డ లోపల

అంతలో ఎన్నికలు వచ్చాయి. ఎన్నికల నియమం మీకు తెలుసు. నాయకుల విగ్రహాలన్నిటికీ గుడ్డ చుడతారు. పంచాయతీ నుంచి ఒక ఉద్యోగి గుడ్డ, తాడు పట్టుకుని చెన్నయ్య దగ్గరికి కూడా వచ్చాడు.

"మా నాయనకు పార్టీ లేదు సారూ, గొర్లు కాసేటోడు" అని సుబ్బయ్య మొత్తుకున్నాడు.

ఆ ఉద్యోగి విగ్రహాన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "తెల్లచొక్కా ఉంది, జేబులో పెన్ను ఉంది, చెయ్యెత్తి ఉన్నాడు. ఇంకేం కావాలి?" అని చుట్టేశాడు. ఆయన్ను తప్పుపట్టలేను. ఓబుళమ్మ ఏమి చూసిందో ఆయనా అదే చూశాడు.

సుబ్బయ్య కోపంతో ఫోన్ చేశాడు. "మా నాయనకు గుడ్డ కట్టినారు మేస్త్రీ! చెయ్యి, మొగం ఏమీ అగపడకుండా..." అంటూనే ఆగిపోయాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఓట్లు అయ్యేదాకా తియ్యరు గదా?"

"తియ్యరు."

"అయితే కానియ్ మేస్త్రీ. నేను చూస్తాండంగా మాత్రం మా నాయన చెయ్యి విరగ్గొట్టొద్దు. నేను సంతకు పోయిన దినం చెయ్యి."

గుడ్డ విప్పలేదు. చుట్టూ తడికెలు కట్టి, పగుళ్లు పూడుస్తున్నామని చెప్పి, గుడ్డ లోపలికి నేనే దూరాను. విగ్రహం కనబడకూడదన్నారు, కనబడలేదు. సుబ్బయ్య సంతకు పోయిన రోజు ఎత్తిన చెయ్యి తీసేశాను. ఆ తర్వాత చొక్కా, జేబు, పెన్ను. తల జోలికి పోలేదు.

తీసేయడం తేలిక. ఆ తర్వాత ఏమి పెట్టాలో నాకు తెలియదు. ఓబుళమ్మను అడిగాను. "ఎట్ల నిలబడేటోడక్కా?"

"ఎట్లంటే... ఎట్లనో నిలబడేటోడు," అంది. మళ్లీ చెప్పబోయి ఆగింది. చేతులతో గాలిలో ఏదో చూపించి, తనకే నచ్చక చేతులు దించేసింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. అప్పుడు కట్టెను ముందు నేలమీద ఆనించి, రెండు చేతులూ దానిమీద పెట్టి, నిలబడింది.

ఒంటి బరువంతా కట్టె మీద వేసింది. గొర్రెపిల్లలను మోసి మోసి వాలిన భుజంలాగా ఎడమ భుజం కిందికి జారింది. ఒక కాలు వదులైంది. మోచేతులు రెండు పక్కలకూ వచ్చాయి. కళ్లు సగం మూసుకుని దూరంగా ఎటో చూస్తోంది. ఆమె ఆయన వెనక నడిచిందో, ఆయన ఆమె వెనక నడిచాడో, ఆ మనిషిని ఆమె తన ఒంట్లోనే దాచుకుని ఉంది. మగవాడి విగ్రహానికి ఆడమనిషి నమూనాగా నిలబడటం నా పనిలో అదొక్కసారే. నా కళ్లు తడిశాయి. సిమెంటు పడిందన్నట్టు తుడుచుకున్నాను.

"కదలొద్దక్కా, దారంతో కొలుచుకుంటా."

"ఆయన కదిలేటోడు కాదులే. జీవాలు కదిలితేనే కదిలేటోడు."

మెడ కిందినుంచి పాదాల దాకా చెక్కి, లోపలి కంబీలు వంచి, మళ్లీ కట్టుకుంటూ వచ్చాను. బనియను, మోకాళ్ల పైకి ఎగగట్టిన పంచె, ఎడమ భుజం మీద మడత కంబళి, ముందు కట్టె. ఎండ తగలకుండా ఆరడం సిమెంటుకు మంచిదే, ఆ గుడ్డ లోపల మేస్త్రికి మాత్రం కాదు. అమావాస్య వచ్చింది, పోయింది. ఓబుళమ్మ ప్రయాణం మానుకోలేదు, వాయిదా వేసింది. "అది అయినాక చూస్తాలే" అంది. చూస్తానన్నది ప్రయాణం గురించో విగ్రహం గురించో నేను అడగలేదు. ఈ ఒంటికి కూడా ఆమె కొంగు కప్పుకుంటే నా దగ్గర ఇంకో ఒళ్లు లేదు.

ఓట్లయ్యాక

గుడ్డ తీయడానికి ఆ ఉద్యోగే వచ్చాడు. తీసి, కొంచెంసేపు చూసి, "వచ్చేసారి దీనికి గుడ్డ అక్కర్లేదు" అని మడత పెట్టుకుని పోయాడు. ఊళ్లోవాళ్లు చుట్టూ చేరారు. ఒకాయన, "ఏం సుబ్బయ్యా, మీ నాయన చెయ్యి దించినాడే?" అన్నాడు.

"నొప్పి పుట్టింటాది, దించినాడు" అన్నాడు సుబ్బయ్య. ఎవరూ కట్టెలు తేలేదు. అందరూ పోయాక నన్ను పక్కకు పిలిచి, "పెన్ను యాడ పెట్టినావు?" అని అడిగాడు. బనియనుకు జేబు లేదన్నాను. సరే అన్నాడు గానీ మనసులో కొంచెం ఉండిపోయినట్టుంది.

ఆ తర్వాత నేను అచ్చులు పగలగొట్టేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. పగలగొట్టలేదు. ఆటో డ్రైవరు ఒళ్లు నేను పని మానేదాకా పనిచేసింది. నిజంగా నిటారుగా నిలబడిన నాయకులూ ఉంటారు, వాళ్లకు అది సరిపోతుంది. కానీ ఫోటో చేతికి తీసుకోకముందే అడగడం మొదలుపెట్టాను. ఎట్లా నిలబడేవాడు, ఎట్లా కూర్చునేవాడు, వెనకనుంచి వస్తే ఎవరు ముందు గుర్తుపట్టేవాళ్లు అని. వెనకనుంచి గుర్తుపట్టే మనిషి ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. సాధారణంగా ఆ మనిషి షెడ్డుకు రారు, వాళ్ల దగ్గరికి మీరే పోవాలి. ఇడుపులపాయ కుర్రవాడి మిషన్‌కు ఈ సంగతి కూడా ఎవరైనా నేర్పితే మంచిదే.

ఆ రోజు మధ్యాహ్నం నేను వెళ్లిపోకుండా దొడ్డి దగ్గరే ఉన్నాను. సామాన్లు కడుగుతున్నట్టు నటించాను. సుబ్బయ్య, లక్ష్మీదేవి కొట్టం పక్కన కంచె సరిచేస్తున్నట్టు నటించారు. బాగున్న కంచెనే విప్పి మళ్లీ కడుతున్నారు. కాలవ వైపునుంచి దుమ్ము లేచింది.

మంద ముందు వచ్చింది. విగ్రహానికి రెండు పక్కలుగా చీలి దొడ్డిలోకి పోయింది. వెనకాల ఓబుళమ్మ, కొంగు నడుములో, నెత్తిన సద్దిమూట. గొర్రెపిల్ల ఒకటి మందలోనుంచి తప్పించుకుని చేలో పడింది. "నీ కాలిరగ, ఆడ్నే సచ్చినావా!" అని అరుచుకుంటూ నేరుగా దారి నడుమనే వచ్చింది. చెన్నయ్య ముఖంలోకి చూడలేదు. చూడటానికి తీరిక లేదు. నెత్తిమీది మూట దించి ఆయన మోచేతికి తగిలించి, "పట్టుకో" అని చెప్పి, పిల్ల వెనకాల పరిగెత్తింది.

కంచె దగ్గర ఇద్దరూ పని ఆపేశారు. ఓబుళమ్మ పిల్లను చంకన పెట్టుకుని తిరిగి వచ్చింది, మూట తీసుకుని కొట్టం వైపు మళ్లింది. అప్పుడు బకెట్ పక్కన నేను కనబడ్డాను. పరాయి మగవాణ్ని కదా, కొంగు తీసి భుజాల నిండా కప్పుకుంది.